పాత ఉకులేలేల నాదం: అపోహలు - వాస్తవాలు

తీగ వాద్యాలను బాగుచేయడం నా వృత్తి. కాలిఫోర్నియాలోని మా బల్ల మీదికి పాత ఉకులేలేలు (గిటార్‌ను పోలిన నాలుగు తీగల చిన్న హవాయి వాద్యాలు) ఎంత తరచుగా వస్తాయో, వాటి గురించిన పుకార్లు అంతకంటే తరచుగా వస్తుంటాయి. పిల్లలకు బడిలో ఉకులేలే నేర్పుతున్నారని చవకైనదొకటి కొని, క్రమంగా తామే దానికి అలవాటుపడి, చివరకు పేరున్న అమెరికన్ గిటార్ సంస్థ మార్టిన్ 1920లలో చేసిన ఉకులేలే కోసం రాత్రిళ్లు వేలం పేజీలు తిరగేసే దశకు చేరిన తెలుగు తల్లిదండ్రులు నా పరిచయస్తులలోనే ఉన్నారు. ఈ పుకార్లలో చాలావాటి వల్ల హాని లేదు. ఒక్కటి మాత్రం జేబుకు చిల్లు పెడుతుంది కనుక ముందుగా దాని సంగతే చూద్దాం.

అపోహ: రెండు ఉకులేలేలను ఒకే వీడియోలో పక్కపక్కన వింటే ఏది మేలైనదో తేలిపోతుంది, పాతది మధురంగా వినిపిస్తే ఆ మాధుర్యం దాని వయసు వల్ల, చెక్క వల్ల వచ్చినదే.

వాస్తవం: అలాంటి పోలికలో మీ చెవిని ముందుగా చేరేవి తీగలు, శ్రుతి, నట్ (మెడ పైచివర తీగలు ఆనే చిన్న పట్టీ) గాడుల లోతు, మైకు పెట్టిన చోటు. చెక్కకూ వయసుకూ సంబంధించిన తేడా వీటన్నిటి అడుగున ఎక్కడో ఉంటుంది. పై నాలుగింటినీ సమం చేయకుండా ఆ తేడాను విడదీసి వినడం రోజంతా వాద్యాల మధ్యే గడిపే మాకు కూడా చేతకాదు.

తీగల సంగతే తీసుకోండి. 1920లలో ఉకులేలేకు జంతువుల పేగుతో చేసిన తీగలు వేసేవారు. నైలాన్ తీగలు వాడుకలోకి వచ్చింది రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత. ఇప్పుడు ఎక్కువమంది వేసుకునే ఫ్లోరోకార్బన్‌కు నైలాన్ కంటే సాంద్రత ఎక్కువ కనుక, అదే స్వరానికి, అదే బిగువుకు ఇంకా సన్నని తీగ సరిపోతుంది. ధ్వని కూడా కాస్త పదునుగా పలికి, మరికొంతసేపు నిలుస్తుంది. ఏళ్ల తరబడి అటక మీద పడి ఉన్న నైలాన్ తీగలతో మార్టిన్‌నూ, మొన్న వేసిన ఫ్లోరోకార్బన్ తీగలతో కొత్త వాద్యాన్నీ వాయించి, "పాతదానిలో ఉన్న మెత్తదనం కొత్తదానిలో లేదు" అని తీర్పు చెప్పేవారు తీగకు దక్కవలసిన ప్రశంసను చెక్కకు ఇస్తున్నారు.

శ్రుతి విషయం మరింత తరచుగా మరుగున పడిపోతుంది. 1920లలోనూ 30లలోనూ అచ్చయిన పాటల నొటేషన్‌లో ఉకులేలేను ఏ, డీ, ఎఫ్ షార్ప్, బీ స్వరాలకు శ్రుతి చేయమని రాసి ఉండటం సర్వసాధారణం. నేడు ఎక్కడ చూసినా జీ, సీ, ఈ, ఏ. మన లెక్కలో చెప్పాలంటే రెండో శ్రుతిలో వాయించిన వాద్యాన్ని ఒకటో శ్రుతికి దించి వింటున్నాం. నట్ నుంచి శాడిల్ (పైపలకకు అతికిన బ్రిడ్జి మీద తీగలు ఆనే పట్టీ) వరకు తీగ పొడవు 35 సెంటీమీటర్లకు లోపే ఉండే సోప్రానో అనే చిన్న సైజు ఉకులేలేలో ఈ ఒక్క స్వరం తేడా తీగ బిగువును స్పష్టంగా మారుస్తుంది. వదులుగా, పేలవంగా పలికిన పాత సోప్రానోలు పై శ్రుతికి చేర్చగానే గొంతు సవరించుకున్నట్టు పలకడం నేను ఎన్నోసార్లు విన్నాను.

ఇక ఫోన్‌తో తీసిన వీడియోల గురించి నాకు ఓపిక తక్కువే. ఫోన్ తనంతట తాను ధ్వని స్థాయిని సర్దుతుంది: గట్టిగా పలికినదాన్ని తగ్గిస్తుంది, మెల్లగా పలికినదాన్ని పెంచుతుంది. ఉకులేలేలో మనం పోల్చదలచుకున్న రెండు గుణాలు, మీటగానే ధ్వని ఎంత వేగంగా లేస్తుంది, ఎంతసేపు నిలిచి ఎలా ఆరిపోతుంది అనేవి, ఆ సర్దుబాటులోనే చెరిగిపోతాయి. పైగా రెండింటిలో ఒకటి రవ్వంత గట్టిగా వినిపిస్తే మన చెవి దానిని గట్టిగా ఉందని గుర్తించదు, బాగుందని గుర్తిస్తుంది.

ఒక మిత్రుడు ఇలాంటి వీడియో చూసి 1920ల నాటి మార్టిన్ సోప్రానో కొన్నాడు. దానికి పెట్టిన సొమ్ముతో కొత్త మహాగని సోప్రానోలు చాలానే వచ్చేవి. పెట్టె విప్పిన వారంలోనే నా దగ్గరికి వచ్చి, "అన్నా, వీడియోలో విన్న గొంతు ఇందులో లేదు, నన్ను మోసం చేశారేమో" అన్నాడు. మోసమేమీ లేదు, వాద్యం అసలైనదే, ఆరోగ్యంగానే ఉంది. నట్ గాడులు ఎత్తుగా ఉండటం వల్ల మొదటి మెట్ల దగ్గర స్వరం పైకి జరుగుతోంది, తీగలు ఎప్పుడో చచ్చిపోయాయి. గాడులు సరిచేసి, అతని దగ్గర అంతకుముందే ఉన్న కొత్త సోప్రానోకూ దీనికీ ఒకే రకం తీగలు వేసి, అవి సాగి కుదురుకునేదాకా ఆగి, ఒకే శ్రుతికి తెచ్చాం. అతన్ని గోడవైపు తిరిగి కూర్చోమని, వాయించే పని అతని భార్యకు అప్పగించాం. ఆమె మార్చి మార్చి వాయిస్తుంటే అతను చెప్పిన జవాబులలో తప్పులూ ఒప్పులూ ఇంచుమించు సమానంగా వచ్చాయి. ఆమె చాలాసేపు నవ్వింది, అతను నవ్వలేదు. నాకు అతని మీద జాలే కలిగింది. కొన్నది మంచి వాద్యమే, విలువ కూడా నిలుస్తుంది, కానీ అతను ఆశపడ్డ ఆ గొంతు వీడియోలో వాడిన తీగలదీ శ్రుతిదీ.

ఉకులేలేల కంటే ఎన్నో రెట్లు ఖరీదైన వయొలిన్ల విషయంలోనే ఈ ప్రశ్నను గట్టిగా పరీక్షించారు. 2010లో ఇండియానాపోలిస్‌లో ధ్వని పరిశోధకురాలు క్లాడియా ఫ్రిట్జ్, వయొలిన్ తయారీదారు జోసెఫ్ కర్టిన్ బృందం 21 మంది వాద్యకారులకు వయొలిన్ కనబడకుండా నల్లటి కళ్లద్దాలు పెట్టి, మూడు కొత్త వయొలిన్లను, ఇటలీ పాత నిపుణులు చేసిన రెండు స్ట్రాడివారీలు, ఒక గ్వార్నేరీతో కలిపి వాయించి చూడమంది. 2012లో ప్రచురించిన ఫలితాల ప్రకారం ఏది పాతదో, ఏది కొత్తదో చాలామంది పోల్చుకోలేకపోయారు; అన్నిటికంటే తక్కువ ఆదరణ పొందినది ఒక స్ట్రాడివారీ. వయొలిన్ ఫలితాన్ని ఉకులేలేకు యథాతథంగా అంటగట్టలేం. అయినా కళ్లు తెరిచి, పేరు చూసి, ధర విని చేసే పోలికకు ఎంత విలువ ఇవ్వాలో అది చెబుతుంది.

వయసే మాధుర్యమైతే మార్టిన్ సంస్థ 1907లో చేసిన మొట్టమొదటి ఉకులేలేలు అన్నిటికంటే ముందుండాలి. అవి నడవలేదు. గిటార్ చేసే అలవాటుతో స్ప్రూస్ పైపలక వేసి, లోపల పలకకు ఆసరాగా ఉండే బద్దలు బరువుగా అతికించడంతో ధ్వని మూగబోయింది. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రపంచ ప్రదర్శనలో హవాయి సంగీతం అమెరికాను ఊపేసిన తర్వాతే ఆ సంస్థ మళ్లీ ప్రయత్నించి, తేలికైన మహాగనితో చేసి గెలిచింది. అదే కాలంలో షికాగో కర్మాగారాలు బర్చ్ చెక్కకు రంగు పూసి లెక్కలేనన్ని చవక ఉకులేలేలను దింపాయి. వాటికీ ఇప్పుడు నూరేళ్లే. మరి వయసు ప్రభావం బొత్తిగా లేదా అంటే, ఉంది: దశాబ్దాలు గడిచేకొద్దీ చెక్కలోని హెమిసెల్యులోజ్ అనే పదార్థం నెమ్మదిగా విచ్ఛిన్నమై, చెక్క కాస్త తేలికపడి తేమను తక్కువగా పీల్చుకుంటుంది. నా అనుభవంలో ఆ ప్రభావం తీగలు మార్చినప్పుడు వచ్చే తేడాకు సరితూగేంత పెద్దది కాదు. పలక మందం, బద్దల బరువు నిర్ణయించేది దానికంటే చాలా ఎక్కువ.

కొనే ముందు పోల్చి తీరాలనుకుంటే వీడియోను పక్కనపెట్టి, అమ్మేవారిని మూడు ప్రశ్నలు అడగండి: ఏ తీగలు ఉన్నాయి, ఏ శ్రుతిలో ఉన్నాయి, మొదటి మెట్టు దగ్గర స్వరం సరిగ్గా పలుకుతోందా. ఎదురుగా వినే అవకాశం ఉంటే రెండింటినీ ఒకే శ్రుతికి తెచ్చి, ఒకే మనిషి ఒకే చోట మీటుతుండగా, వీపు తిప్పి వినండి. ఏది బాగుందో తర్వాత చూసుకోవచ్చు, ఏది ఏదో చెప్పగలరేమో ముందు చూసుకోండి.

అపోహ: కోవా చెక్క ఉంటేనే అసలైన నాదం. వాస్తవం: కోవా హవాయిలో మాత్రమే సహజంగా పెరిగే ఒక జాతి తుమ్మ. చూడటానికి అద్భుతంగా ఉంటుంది, మార్టిన్ కూడా దానితో చేసిన వాటికి ఎక్కువ ధర పెట్టింది. కళ్లు మూసుకుంటే ఆ అందం వినబడదు.

అపోహ: సీరియల్ నంబరు చూసి సంవత్సరం చెప్పవచ్చు. వాస్తవం: గిటార్లకు వేసినట్టు మార్టిన్ తన ఉకులేలేలలో ఎక్కువ వాటికి నంబర్లు వేయలేదు. మెట్లు, బిరడాలు, తల మీది ముద్ర చూసి కాలాన్ని అంచనా వేయాలి. "1923 జూన్ నాటిది" అని ఎవరైనా ఘంటాపథంగా చెబితే ఆధారం చూపమనండి.

అపోహ: ఉక్కు తీగలు వేస్తే ధ్వని పెరుగుతుంది. వాస్తవం: ముందు బ్రిడ్జి ఊడుతుంది, దానితో పాటు పైపలక చీలుతుంది. దయచేసి వేయకండి.

అపోహ: పాత వార్నిష్ గీకేస్తే చెక్క ఊపిరి పీల్చుకుంటుంది. వాస్తవం: ఊపిరి సంగతేమో గాని వాద్యం ధర మాత్రం పడిపోతుంది.

అపోహ: పగులు వచ్చిన ఉకులేలే నాదం పోయినట్టే.

ఈ మాట వల్ల బాధపడేవారిని చూస్తే నాకు నిజంగా కష్టంగా ఉంటుంది. డెన్వర్‌లో ఉద్యోగం చేసే ఒక తెలుగు అమ్మాయికి, పక్కింటి పెద్దావిడ తన తల్లి వాయించిన సోప్రానోను ఇచ్చి వెళ్లారు. అక్కడి చలికాలంలో హీటరు వేడికి ఇంట్లో గాలి ఎంత పొడిబారుతుందో అక్కడ ఉన్నవారికి తెలుసు. ఒక ఉదయం చూసేసరికి పైపలక బ్రిడ్జి నుంచి అంచు వరకు చీలి ఉంది. ఆ పెద్దావిడకు ఏం జవాబు చెప్పాలో తెలియక కొన్ని నెలలు దానిని బీరువాలో దాచి, చివరకు ఏడుపు గొంతుతో నాకు ఫోన్ చేసింది. "సూపర్ గ్లూ వేయలేదు కదమ్మా?" అని అడిగాను. వేయలేదంది. నా పని అక్కడే సగం తగ్గింది.

చీలిక అంటే ఆరిపోయి కుంచించుకున్న పలక తన అంచులను తానే లాక్కోవడం. వాద్యాన్ని మూసిన పెట్టెలో ఉంచి కొన్ని వారాలపాటు నెమ్మదిగా తేమ అందిస్తే పలక మళ్లీ వ్యాకోచించి చీలిక దాదాపు మూసుకుపోతుంది. ఆ తర్వాత హైడ్ గ్లూ (జంతు చర్మంతో చేసే జిగురు) ఎక్కించి బిగించి, లోపలివైపు చిన్న చెక్క ముక్కలు అడ్డంగా అతికిస్తాం. హైడ్ గ్లూను వేడి నీటి తడితో తిరిగి వదిలించవచ్చు, సూపర్ గ్లూ చెక్కలోకి ఇంకి మచ్చగా మిగులుతుంది. ముందు ఆ ప్రశ్న అడగడానికి కారణం ఇదే. శుభ్రంగా అతికిన చీలిక నాదంలో నాకు వినబడదు. అమ్మకపు విలువ కొంత తగ్గుతుందన్నది నిజం, అయితే ఆ అమ్మాయికి దానిని అమ్మే ఉద్దేశం లేదు. ఊడిన బద్ద, లేచిన బ్రిడ్జి మాత్రం వినబడతాయి: ఒక్కో స్వరం దగ్గర గరగరమనే శబ్దం వస్తుంటే చీలిక కంటే ముందు వాటినే అనుమానించాలి.

వాద్యం ఉండే పెట్టెలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. తేమను చూపే చిన్న మీటరు, పెట్టెలో పెట్టే తేమ ప్యాకెట్టు రెండూ కలిపినా ఒక చీలికకు నేను తీసుకునే కూలి కంటే తక్కువే అవుతాయి. వేసవిలో హైదరాబాదుకు వెంట తీసుకువెళ్లేవారు కూడా ఏసీ గదిలో గోడకు వేలాడదీయకుండా పెట్టెలోనే ఉంచి, మూత వేసి పెట్టండి.