దుబాయ్ పోయేటప్పుడు ఎక్కువసేపు, వచ్చేటప్పుడు తక్కువసేపు ఎందుకు?

ప్రియమైన బిడ్డలకు,

మన పాలమూరు దిక్కు దుబాయ్ పోయేటోళ్ల టికెట్ ఎవరిదైనా దొరికితే ఒకసారి సూడుండ్రి. శంషాబాద్‌లో పొద్దున 10:00కు ఎక్కితే దుబాయ్‌లో 12:20కి దిగుతరని ఉందనుకోండి. తిరుగుప్రయాణం రాత్రి 10:00కు ఎక్కి తెల్లారుజామున 2:55కు దిగుడు. పోను 2 గంటల 20 నిమిషాలు, రాను దాదాపు ఐదు గంటలు! ఇట్ల తీసివేస్తే లెక్క తప్పుతది. టికెట్ మీద ఏ ఊరి టైం ఆ ఊరిదే రాస్తరు. మన గడియారం దుబాయ్ కన్నా గంటన్నర ముందుంటది. అందుకే పోయేటప్పుడు గంటన్నర కలపాలె, వచ్చేటప్పుడు తీసెయ్యాలె. అప్పుడు పోను 3:50, రాను 3:25 అయితది.

మిగిలిన 25 నిమిషాల తేడా గాలిది. చలికాలంలో పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలి వీస్తది. దుబాయ్ మనకు పడమట ఉంది కాబట్టి పోయేటప్పుడు అది ఎదురైతది, వచ్చేటప్పుడు వెనకనుంచి తోస్తది. వానాకాలంలో అది హిమాలయాల అవతలికి జరుగుతది కాబట్టి అప్పుడు తేడా తగ్గుతది.

దూరం మీరే కొలవొచ్చు. బడిలో 30 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న గ్లోబు తీసుకోండి. దాని చుట్టుకొలత 94 సెంటీమీటర్లు, భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు. అంటే ఒక సెంటీమీటరుకు 425 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి దారం బిగించి పట్టి స్కేలు మీద పెట్టండి, 6 సెంటీమీటర్లు వస్తది. ఢిల్లీకి 3. అంటే దుబాయ్ 2,550, ఢిల్లీ 1,275 కిలోమీటర్ల దరిదాపు. గోడమ్యాపు మీద మాత్రం కొలవకండి. గుండ్రటి భూమిని చదును చేసి గీసిందది, దూరపు ఊర్లకు బాగా తప్పుతది. దారం సడలినా తప్పే.

ఇగ టైం. విమానం గాలిలో గంటకు 840 కిలోమీటర్లు పోతదనుకుందాం. ఎదురుగాలి 60 ఉంటే నేల మీది లెక్కన వేగం 780, దుబాయ్‌కి 3 గంటల 16 నిమిషాలు. అదే గాలి వెనకనుంచి తోస్తే 900, అప్పుడు 2 గంటల 50 నిమిషాలు. టికెట్ టైంకూ దీనికీ ఇంకో అరగంట పైచిలుకు తేడా ఉంది సూడండి. టికెట్ మీది టైం విమానం నిలిపిన చోటు నుంచి కదిలినప్పటి నుంచి, అక్కడ మళ్లీ నిలిపేదాకా. రన్‌వే దాకా మెల్లగ నడుసుడు, ఎక్కేటప్పుడు తక్కువ వేగం, దిగడానికి దాదాపు 200 కిలోమీటర్ల ముందునుంచే వేగం, ఎత్తు తగ్గించుడు, అన్నీ అందులోనే. కిలోమీటర్లను వేగంతో భాగించి ఊరుకునేటోళ్లు ఇక్కడే తప్పుతరు.

ఇంట్ల ఎవరన్నా పోతుంటే ఇంకో లెక్క మీరే సూడండి. విదేశీ ప్రయాణానికి మూడు గంటల ముందే ఎయిర్‌పోర్టుల ఉండాలె, కౌంటర్ గంట, గంటంబావు ముందే మూసేస్తరు. మహబూబ్‌నగర్ నుంచి శంషాబాద్ సుమారు 80 కిలోమీటర్లు. 10 గంటల విమానమైతే పొద్దున 5 దాటకముందే బయల్దేరమని చెప్పండి.

దీవెనలతో,
మీ తాత