షేక్‌ను పెళ్ళాడితే రాణి అయిపోయినట్టేనా?

అరబిక్ పెళ్ళి కాగితాలు అనువాదం చేయడం నా పని. మొన్న లండన్ నుంచి ఒక డాక్టరమ్మ ఫోన్ చేశారు. వరుడిది గల్ఫ్‌లో పాలక కుటుంబమట. "నేను క్రిస్టియన్‌ని, మతం మారక్కర్లేదన్నారు. ఇక భయం లేదు కదా?" ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో!

మారక్కర్లేదు, నిజమే. ముస్లిం పురుషుడు క్రైస్తవ, యూదు స్త్రీలను వాళ్ళ మతంలో ఉండగానే నిఖా చేసుకోవచ్చు. అందరూ ఇంతవరకే విని ఊపిరి పీల్చుకుంటారు. కొంప ముంచేది తర్వాతి సంగతి. సున్నీ షరియా ప్రకారం ముస్లిమేతర భార్యకు భర్త ఆస్తిలో వారసత్వ వాటా లేదు. ఇరవై ఏళ్ళు కాపురం చేసినా అంతే. పిల్లలకు వస్తుంది, తల్లికి రాదు. ఆయన వసియ్యత్ (వీలునామా) రాస్తే వస్తుంది, అదీ ఆస్తిలో మూడో వంతు దాటకుండా. మెహర్, అంటే పెళ్ళిలో భర్త భార్యకు ఇస్తానని ఒప్పుకున్న సొమ్ము, బాకీపడితే మాత్రం అప్పు కింద లెక్క. వారసుల పంపకానికి ముందే తీర్చాలి. అందుకే నిఖానామాలో, అంటే పెళ్ళి ఒప్పంద పత్రంలో, మెహర్ గడిలో అంకె చూసుకోండమ్మా అని మొత్తుకుంటాను. "ప్రేమించినవాణ్ణి డబ్బెలా అడగను?" అంటారు. వాళ్ళ ఇబ్బంది నాకు తెలియనిది కాదు.

ఆ గడిలో నేనే ఒకసారి బోల్తాపడ్డాను. అరబిక్‌లో ఐన్ అనే అక్షరంతో రాసే ముఅజ్జల్ అంటే వెంటనే ఇచ్చే మెహర్. హమ్జా అనే అక్షరంతో రాసే ముఅజ్జల్ అంటే తర్వాత ఇచ్చేది. మన నోట రెండూ ఒకటే. హైదరాబాద్ నిఖానామాల్లోనూ ఈ జంట ఉంటుంది. పనిలో చేరిన కొత్తలో ఫోన్లో విని ఒకదాని బదులు ఇంకొకటి టైపు చేసేశాను. మా సీనియర్ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, ఏమీ అనకుండా కాగితం వెనక్కి తోశారు.

"మరి జోర్డాన్ నూర్ రాణి?" అంటారు వెంటనే. లిసా హలాబీ, అమెరికన్. 1974లో ప్రిన్స్‌టన్‌లో డిగ్రీ, తర్వాత జోర్డాన్ విమాన సంస్థలో ఉద్యోగం. 1978లో హుస్సేన్ రాజును పెళ్ళాడారు, ఇస్లాం స్వీకరించారు కూడా. రాజు ప్రకటించాడు కాబట్టి రాణి అయ్యారు. అంతకుముందు 1961లో అదే రాజును చేసుకున్న ఇంగ్లీషావిడ టోనీ గార్డినర్ ముస్లిం పేరు పెట్టుకున్నా యువరాణి మునాగానే ఉండిపోయారు. 1971లో విడాకులు. ఇప్పటి రాజు అబ్దుల్లా ఆవిడ కొడుకే.

ఇక షేక్ అనగానే ఎడారి గుడారాలు, గుర్రాలు ఊహించుకుంటారా, జోర్డాన్ రాజధాని అమ్మాన్ కొండల మీది నగరం. చలికాలం మంచు కూడా పడుతుంది. ఉద్యోగం మాన్పిస్తారా? 1981లో జోర్డాన్‌లో జెరాష్ కళల ఉత్సవం మొదలుపెట్టించింది ఆ నూరే. నలుగురు భార్యలా? హుస్సేన్‌కు నలుగురే, కానీ ఒకరి తర్వాత ఒకరు. జోర్డాన్‌లోనైతే మరో పెళ్ళి చేసుకోనని నిఖానామాలో షరతు రాయించుకోవచ్చు.

డాక్టరమ్మను ముసాయిదా ఫొటో తీసి పంపమన్నాను. పంపారు. హమ్జా ఉన్న గడి ఖాళీగా ఉంది.