మెహేయా నుంచి వెళ్లిన పాటలు

2006 మార్చి 14న, అమెరికా పల్లెపాటల్లోంచి పుట్టిన 'కంట్రీ' సంగీతంలో పేరున్న గాయకుడు విల్లీ నెల్సన్ ఆల్బమ్ ఒకటి విడుదలైంది. అందులోని 13 పాటలూ ఒకే మనిషి కట్టినవి. పేరులోనే ఆ మనిషిని చెప్పుకున్నారు: 'యు డోంట్ నో మీ: ది సాంగ్స్ ఆఫ్ సిండీ వాకర్'. సొంత పాటలకు కొదవ లేని నెల్సన్, డెబ్బై దాటాక ఇలా ఇంకొకరి పాటలతోనే ఆల్బమ్ చేయడం వెనక అరవై ఏళ్ల పైబడిన కథ ఉంది.

సిండీది టెక్సస్. మెహేయా దగ్గర మార్ట్ అనే ఊళ్లో పుట్టింది. తాత ఫ్రాంక్లిన్ ఐలండ్ క్రైస్తవ కీర్తనలు రాసినవాడు. నాన్న పత్తి వ్యాపారి, అమ్మ ఓరీ పియానో వాయించేది. 1940లో నాన్న పని మీద లాస్ ఏంజెలిస్ వెళ్తే తల్లీకూతుళ్లు కూడా బయల్దేరారు. సన్‌సెట్ బులవార్డ్‌లో అప్పటి ప్రసిద్ధ గాయకుడు, సినిమా నటుడు బింగ్ క్రాస్బీ ఆఫీసు కనబడగానే సిండీ కారు ఆపించింది. నాన్న నీకు పిచ్చా అన్నాడు, అయినా ఆపాడు. పరిచయం లేదు, సిఫార్సు లేదు. నేరుగా లోపలికి వెళ్లి, క్రాస్బీ అన్న లారీకి తన పాట వినిపించింది. పియానో మీద అమ్మ. ఆ పాటే 'లోన్ స్టార్ ట్రైల్'. క్రాస్బీ దాన్ని రికార్డు చేశాడు.

తర్వాత టెక్సస్ ఫిడేలు వాద్యకారుడు, బృంద నాయకుడు బాబ్ విల్స్ ఒక్కడే ఆమె పాటలు యాభైకి పైగా రికార్డు చేశాడు. ఆమె తనూ పాడేది. కానీ గాయనిగా ఆమెకు పేరు తెచ్చిన 1944 నాటి పాట మాత్రం వేరేవాళ్లు రాసింది! కొన్నేళ్లకు పాడటం మానేసి రాయడం మీదే కూర్చుంది.

1954లో లాస్ ఏంజెలిస్ వదిలి మెహేయాకు తిరిగొచ్చేసింది. తెల్లవారకముందే లేచి, గులాబీ రంగు పూసిన టైప్‌రైటర్ ముందు కూర్చునేది. బాణీకి తోడు అమ్మ పియానో. ఏటా కొన్ని నెలలు ఇద్దరూ కంట్రీ పాటల రికార్డింగులకు కేంద్రమైన నాష్‌విల్ వెళ్లి గాయకులకు పాటలు వినిపించి వచ్చేవారు. నాష్‌విల్ పద్ధతి అప్పట్లో అదే. రాసేవాళ్లు రాస్తారు, పాడేవాళ్లు ఏరుకుంటారు. రచయిత పేరు రికార్డు మధ్యలో, పాట పేరు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. గొంతు గుర్తుంటుంది, ఆ పేరు ఎవరూ చదవరు. నన్ను బాధపెట్టేది ఇదే.

'యు డోంట్ నో మీ' సంగతే చూడండి. కంట్రీ గాయకుడు ఎడీ ఆర్నాల్డ్ పాట పేరూ ఆలోచనా చెప్తే సిండీ పాట కట్టింది. మనసులో మాట చెప్పలేని ఒకడు, తను ప్రేమించిన అమ్మాయి ఇంకొకరితో వెళ్లిపోతుంటే చూస్తూ నిలబడతాడు. అంతే కథ. 1956లో ఆర్నాల్డ్ పాటగా హిట్టయింది. 1962లో రే చార్లెస్ పాడితే అమెరికా పాప్ చార్టులో రెండో స్థానానికి వెళ్లింది. జనానికి అది రే చార్లెస్ పాటైపోయింది.

మన దేశంలోనూ ఎందరో అభిమానులున్న జిమ్ రీవ్స్ 'డిస్టెంట్ డ్రమ్స్' కూడా సిండీదే. రీవ్స్ దాన్ని ఆమె కోసం, పాట ఎలా ఉంటుందో వినిపించే నమూనాగా మాత్రమే పాడిపెట్టాడు. 1964లో విమాన ప్రమాదంలో ఆయన పోయాక, ఆ గొంతుకు వాద్యాలు జోడించి విడుదల చేశారు. 1966లో బ్రిటన్‌లో ఐదు వారాలు నంబర్ వన్.

ఓరీ 1991లో చనిపోయింది. కూతురికి అంతకుముందే ఒక డ్రెస్ కొనిపెట్టి, కంట్రీ సంగీతంలో గొప్పవాళ్లను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లో నిన్ను చేర్చుకునే రోజు ఇదే వేసుకోవాలని చెప్పింది. 1997లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్ వేదిక మీదికి సిండీ ఆ డ్రెస్‌లోనే వెళ్లింది.

పెద్దల పాటలు పాడి ఆల్బమ్‌గా అర్పించడం కంట్రీలో పాత అలవాటే. మెర్ల్ హ్యాగర్డ్ 1969లో జిమ్మీ రోడ్జర్స్‌కు, 1970లో బాబ్ విల్స్‌కు అలా చేశాడు. నెల్సన్ కూడా 1977లో లెఫ్టీ ఫ్రిజెల్‌కు, 1979లో క్రిస్ క్రిస్టోఫర్సన్‌కు చేశాడు. వీళ్లంతా వేదికలెక్కి జనానికి ముఖం తెలిసినవాళ్లు. సిండీ అలా కాదు. నెల్సన్‌కు ఆ తేడా బాగా తెలుసు. ప్యాట్సీ క్లైన్ 1961లో పాడిన 'క్రేజీ' రాసింది తనే అని చాలామందికి తెలియని రోజులు ఆయనా చూశాడు.

ఆల్బమ్ నిర్మాత ఫ్రెడ్ ఫాస్టర్. 1962లో రాయ్ ఆర్బిసన్ పాడిన సిండీ పాట 'డ్రీమ్ బేబీ' వచ్చింది ఆయన రికార్డు కంపెనీ మాన్యుమెంట్ నుంచే. ఫిడేలు వాయించిన జానీ గింబుల్ ఒకప్పుడు బాబ్ విల్స్ బృందంలో ఉన్నవాడు. అంటే ఆమె పాటలు మొదటిసారి ఎలా పలికాయో ఎరిగిన చేతులే వాటిని మళ్లీ పట్టుకున్నాయి. వింటే ఎక్కడా హడావుడి ఉండదు, మాట మాటా విడివిడిగా వినబడుతుంది.

ఆల్బమ్ వచ్చిన తొమ్మిదో రోజు, మార్చి 23న, సిండీ వాకర్ మెహేయాలో కన్నుమూసింది. ఆ ఊరి శ్మశానంలో ఆమె గుర్తుగా గులాబీ రంగు గ్రానైట్‌తో చెక్కిన పెద్ద గిటార్ నిలబడి ఉంది.