పీఏహెచ్‌కు నిరంతరం ఎక్కించే ఐవీ మందు: అపోహలు - వాస్తవాలు

పల్మనరీ ఆర్టీరియల్ హైపర్‌టెన్షన్ (పీఏహెచ్) జబ్బులో ఊపిరితిత్తుల్లోని సన్న ధమనులు ఇరుకై, వాటిలోకి రక్తాన్ని నెట్టలేక గుండె కుడివైపు భాగం అలసిపోతుంది. జబ్బు తీవ్రంగా ఉన్నవారికి ఎపోప్రోస్టెనాల్ లేదా ట్రెప్రోస్టినిల్‌ను సెంట్రల్ లైన్ (గుండె దగ్గరి పెద్ద సిరలోకి వెళ్లే సన్నని గొట్టం) ద్వారా, నడుముకు తగిలించుకునే చిన్న పంపుతో 24 గంటలూ ఎక్కిస్తారు. చిక్కంతా దాన్ని కలపడంలో, ఎక్కించడంలోనే ఉంది.

అపోహ: స్నానానికో, క్యాసెట్ (పంపుకు తగిలించే మందు డబ్బా) మార్చడానికో పంపును కాసేపు ఆపినా ఏం కాదు.

ఎపోప్రోస్టెనాల్ అర్ధాయువు, అంటే రక్తంలో మందు సగానికి తగ్గే సమయం, 6 నిమిషాలకు మించదు. ప్రవాహం ఆగిన కాసేపటికే రక్తంలో మందు దాదాపు మిగలదు. ధమనులు మళ్లీ బిగుసుకుని ఆయాసం, కళ్లు తిరగడం, స్పృహ తప్పడం మొదలై ప్రాణం మీదికి రావచ్చు. ట్రెప్రోస్టినిల్ అర్ధాయువు దాదాపు 4 గంటలు కాబట్టి కాస్త వ్యవధి దొరుకుతుంది, అంతే. దాన్నీ ఆపకూడదు. అందుకే రెండో పంపు, కొత్త బ్యాటరీలు, అదనపు మందు ఎప్పుడూ వెంట ఉండాలి. లైన్ ఊడిపోతే ఎమర్జెన్సీలో మొదటి పని చేతి నరానికి క్యాన్యులా (సన్నని ప్లాస్టిక్ గొట్టం) పెట్టి అదే మందును అదే డోసులో కొనసాగించడం. కొత్త సెంట్రల్ లైన్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

అపోహ: లైన్ మూసుకుపోయినట్టుంటే సెలైన్‌తో ఫ్లష్ చేయాలి (సిరంజితో తోసి శుభ్రం చేయాలి).

మిగతా లైన్లకు ఆలోచించకుండా చేసే పనే ఇక్కడ ప్రమాదం. లెక్క చూడండి. 60 కిలోల రోగికి కిలోకు నిమిషానికి 20 నానోగ్రాముల చొప్పున నిమిషానికి 1,200 నానోగ్రాములు కావాలి. 1.5 మి.గ్రా. వయల్స్ (మందు సీసాలు) రెండింటిని 100 మి.లీ.లో కలిపితే ఒక్కో మి.లీ.లో 30,000 నానోగ్రాములు ఉంటాయి. లైన్‌లో ఉన్న 1 మి.లీ.ని సిరంజితో తోసేస్తే 25 నిమిషాల్లో వెళ్లాల్సిన మందు ఒక్క క్షణంలో రక్తంలో పడుతుంది. ముఖం ఎర్రబడుతుంది, వాంతి అవుతుంది, బీపీ దభీమని పడిపోతుంది.

ఈ కారణంగానే ఆ లైన్ నుంచి రక్తం తీయరు, దాంట్లోంచి యాంటీబయాటిక్ ఎక్కించరు. అలారం మోగితే ముందు క్లాంప్ మూసి ఉందేమో, ట్యూబు మడతపడిందేమో, క్యాసెట్ సరిగ్గా కూర్చుందో లేదో చూడాలి. అవన్నీ బాగుండి కూడా మందు వెళ్లకపోతే చేతి నరమే దారి.

అపోహ: పంపు స్క్రీన్ మీద రేటు సరిగ్గా ఉంటే డోసు కూడా సరిగ్గా ఉన్నట్టే.

పంపుకు తెలిసింది మి.లీ. మాత్రమే. పై రోగికి రేటు గంటకు 2.4 మి.లీ. రెండు వయల్స్ బదులు ఒక్కటే కలిపినా స్క్రీన్ మీద అదే 2.4 కనిపిస్తుంది, వెళ్లేది మాత్రం సగం డోసు. ఏ అలారమూ మోగదు. క్యాసెట్ లేబుల్ మీద డోసు, గాఢత, రేటు, డోసు బరువు నాలుగూ రాసి, ఇద్దరు విడివిడిగా లెక్క చూడటం ఒక్కటే రక్షణ. ఇక్కడ డోసు బరువంటే చికిత్స మొదలుపెట్టినప్పుడు ఖాయం చేసిన బరువు. ఇవాళ్టి త్రాసు చూపించిన అంకె వేసి లెక్కను తిరగరాయకూడదు.

గాఢత మార్చే రోజు ఇంకో మెలిక ఉంది. గాఢత రెట్టింపు చేసి, గంటకు 4.8 ఉన్న రేటును 2.4కు దించిన క్షణంలో లైన్‌లో ఇంకా పాత పలుచటి మందే ఉంటుంది. ఆ 1 మి.లీ. వెళ్లేదాకా, అంటే 25 నిమిషాలపాటు, రోగికి అందేది సగం డోసే. ఈ మార్పును పీఏహెచ్ బృందం ముందుగా రాసిచ్చిన పద్ధతిలోనే చేయాలి.

అపోహ: ఏ బ్రాండైనా ఒకే రకంగా కలపొచ్చు.

ఒక రకం ఎపోప్రోస్టెనాల్‌ను దానితో వచ్చే డైల్యూయెంట్‌తోనే (మందును కరిగించే ద్రవంతోనే) కలపాలి. మరో రకానికి స్టెరైల్ వాటర్ గానీ, సాధారణ సెలైన్ గానీ సరిపోతుంది. నిల్వ గంటలు, ఐస్ ప్యాక్ అవసరం కూడా రకాన్ని బట్టి మారతాయి. ప్రతి కొత్త పెట్టెలోని కాగితం చదవాల్సిందే.

అపోహ: దవడ నొప్పి వచ్చిందంటే మందు పడలేదు.

తినేటప్పుడు మొదటి ముద్దకే దవడ లాగినట్టు నొప్పి రావడం, ముఖం ఎర్రబడటం, తలనొప్పి, విరేచనాలు, కాళ్ల నొప్పులు ఈ మందుకు మామూలే. భరించలేనంతగా ఉంటే డాక్టరు డోసును మెల్లగా సర్దుతారు. మందు మొదలుపెట్టగానే ఆయాసం పెరిగి ఊపిరితిత్తుల్లో నీరు చేరడం మాత్రం వేరే కథ. ఊపిరితిత్తుల్లోని సిరలు మూసుకుపోయే జబ్బుందేమోనని అప్పుడు వెంటనే అనుమానించాలి.

అపోహ: జ్వరానికి పారాసిటమాల్ వేసుకుని రెండ్రోజులు చూడొచ్చు.

38 డిగ్రీల సెల్సియస్ దాటితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లి, చేతి నరం నుంచి బ్లడ్ కల్చర్ ఇవ్వాలి. ఐవీ ట్రెప్రోస్టినిల్ వాడేవారిలో గ్రామ్ నెగెటివ్ అనే రకం బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లు ఎక్కువగా కనిపించాయని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2007లో నివేదించింది. కనెక్షన్ల దగ్గర తడి ఉంటే ఈ బ్యాక్టీరియాకు దారి దొరుకుతుంది. స్నానానికి ముందు కనెక్షన్లను నీరు చొరబడని కవరుతో కప్పాలి. తడిగా ఉన్న కనెక్షన్‌ను ఎప్పుడూ విప్పకూడదు.

అపోహ: ఎంఆర్ఐ తీయాలంటే మందు ఆపక తప్పదు.

పంపు ఆ గదిలోకి వెళ్లకూడదు, మందు ఆగకూడదు. పొడవాటి అదనపు ట్యూబు కలిపి పంపును బయటే ఉంచుతారు. ఆ ట్యూబును అదే గాఢత మందుతో ముందే నింపాలి. సెలైన్‌తో నింపి తగిలిస్తే, అది ఖాళీ అయ్యేదాకా రోగికి వెళ్లేది సెలైనే.