ఈ సూది ఎవరి కోసం?

2021 వేసవిలో కరోనా టీకా పల్లెలకు చేరినప్పుడు పాలమూరు, నల్లగొండ ఊళ్లలో ఆశా కార్యకర్తలకు తరచుగా ఎదురైన జవాబు "నా పానం, నా ఇష్టం". దాన్ని మొండితనమని కొట్టిపారేయడం తేలికే గానీ, అందులో న్యాయం లేకపోలేదు. ఒక మనిషి ఒంట్లోకి ఏ మందు వెళ్లాలో తేల్చుకునే హక్కు మొదట ఆ మనిషిదే. అయితే ఆ హక్కు ఎంత దూరం సాగుతుందన్నది అన్ని రోగాలకూ ఒకేలా ఉండదు. దాన్ని కొలిచేటప్పుడు నీతిసూత్రాలకన్నా ముందు జీవశాస్త్రాన్ని అడగాలి: ఈ రోగం ఒకరి నుంచి మరొకరికి ఎలా చేరుతుంది, అసలు చేరుతుందా?

మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో తరాల తరబడి ఎముకలు వంచిన ఫ్లోరోసిస్ తాగే నీటి వల్ల వచ్చేదే తప్ప అంటురోగం కాదు. ధనుర్వాతం కూడా అంతే. పొలంలో కొడవలి తగిలి చెయ్యి తెగినప్పుడు మట్టిలోని బ్యాక్టీరియా గాయంలో చేరి ఆ జబ్బు తెస్తుంది, కానీ రోగి నుంచి పక్కవారికి సోకదు. ఊరంతా ధనుర్వాతం సూది వేయించుకున్నా, వేయించుకోని ఒక్క మనిషికి దానివల్ల రవ్వంత రక్షణ కూడా రాదు. అతను మానేసినందువల్ల ఊరికి వచ్చే ముప్పూ లేదు. "నా పానం, నా ఇష్టం" అన్న మాట అక్షరాలా చెల్లేది ఇక్కడే.

తట్టు దగ్గరికి వచ్చేసరికి లెక్క తలకిందులవుతుంది. రక్షణ లేని జనంలో ఒక తట్టు రోగి సగటున 12 నుంచి 18 మందికి రోగం అంటించగలడు. దాని వ్యాప్తి ఆగాలంటే దాదాపు 95 శాతం మందికి రోగనిరోధక శక్తి ఉండాలి. మన దేశంలో ఈ టీకా మొదటి మోతాదును తొమ్మిది నెలలు నిండాక వేస్తారు. తల్లి నుంచి వచ్చిన రక్షణ కరిగిపోతూ, టీకా వయసు ఇంకా రాని ఆ మధ్యకాలంలో పసిబిడ్డను కాపాడేది వాడకట్టులోని ఇతర పిల్లలు వేయించుకున్న సూదులే. ఇక 2017లో తెలంగాణ బడుల్లో తట్టుతో కలిపి వేసిన రుబెల్లా టీకా సంగతి మరీ విచిత్రమైనది. రుబెల్లా సోకిన మగపిల్లవాడికి సాధారణంగా కొద్దిపాటి జ్వరం, ఒంటి మీద దద్దుర్లు తప్ప పెద్ద బాధ ఉండదు. అదే వైరస్ గర్భం దాల్చిన తొలి నెలల్లో ఒక స్త్రీకి సోకితే పుట్టే బిడ్డకు గుండె, కళ్లు, చెవులు దెబ్బతినవచ్చు. అంటే ఏడో తరగతి అబ్బాయి జబ్బ మీద పొడిచిన సూది చాలావరకు తనకు పరిచయమే లేని ఎవరో తల్లి కడుపులోని బిడ్డ కోసం. ఆ ముక్క విడమరిచి చెప్పి ఉంటే కొందరు తల్లిదండ్రుల అనుమానాలు అక్కడే తీరేవని నాకు అనిపిస్తుంది.

కరోనా టీకాను ధనుర్వాతం, తట్టు టీకాల నడుమ ఎక్కడో పెట్టాలి, పైగా దాని చోటు కాలంతోపాటు జరుగుతూ వచ్చింది. దేశంలో 2021 జనవరి 16న టీకాలు మొదలయ్యాయి. వేయించుకున్నవారిలో జబ్బు ముదరడం, మరణాలు బాగా తగ్గాయి. సోకకుండా, ఇతరులకు అంటకుండా ఆపే శక్తి మాత్రం నెలలు గడిచేకొద్దీ సన్నగిల్లింది, ఒమిక్రాన్ అనే కొత్త రకం వైరస్ వచ్చాక మరీ పలచబడింది. సుప్రీంకోర్టు 2022 మే 2న ఇచ్చిన తీర్పు ఈ శాస్త్రాన్ని దృష్టిలో పెట్టుకునే నడిచింది. ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదని, అది రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే రక్షణ అని చెబుతూనే, ప్రజారోగ్యం కోసం ప్రభుత్వం సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చని కోర్టు ఒప్పుకుంది. కానీ టీకా వేయించుకోనివారి నుంచి వైరస్ ఎక్కువగా వ్యాపిస్తుందని చూపే ఆధారాలేవీ ప్రభుత్వాలు తన ముందు ఉంచలేదు కనుక, వారిని బహిరంగ స్థలాలకు రానివ్వకపోవడం తగదని తేల్చింది. ఆధారం మారితే ఆంక్ష కూడా మారాలన్న ఈ వైఖరి నాకు సబబుగా తోస్తుంది. అయితే తనను మాత్రమే కాపాడే టీకాకు కూడా ఒక ఉమ్మడి కోణం ఉంది: 2021 ఏప్రిల్, మే నెలల్లో ఆక్సిజన్ పడక కోసం జిల్లా కేంద్రానికి, అక్కడినుంచి పట్నానికి తిరిగిన కుటుంబాలకు పడక అనేది ఒకరికి దొరికితే మరొకరికి దొరకని వస్తువని ఎవరూ నేర్పనక్కరలేదు.

మాస్కులోనూ ఇదే తేడా కనిపిస్తుంది. కొందరు ముందువైపు చిన్న ప్లాస్టిక్ బిళ్ల ఉన్న ఎన్-95 మాస్కులు కొన్నారు. ఆ బిళ్ల ఒక కవాటం: గాలి పీల్చినప్పుడు మూసుకుని వడపోతను పనిచేయనిస్తుంది, వదిలినప్పుడు తెరుచుకుని గాలిని వడకట్టకుండానే బయటికి పంపుతుంది. తొడుక్కున్నవారికి ఊపిరి సులువు, రక్షణా మంచిదే. ఎదురుగా కూర్చున్నవారికి మాత్రం పెద్దగా ఒరిగేదేమీ లేదు. 2020 జూలైలో కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు లేఖ రాసి, ఇటువంటి మాస్కులు జనం వాడకుండా చూడాలని చెప్పింది ఇందుకే. ఆ లెక్కన ఖరీదైన కవాటపు మాస్కుకన్నా మూతికీ ముక్కుకీ అడ్డంగా కట్టుకున్న మూడు మడతల దస్తీయే పక్కవారి పట్ల ఎక్కువ మర్యాద.

వీటన్నిటికన్నా చిక్కైన విషయం అనుభవం మనల్ని తప్పుదోవ పట్టించడం. కరోనా సోకిన మనిషి లక్షణాలు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇతరులకు అంటించగలడు కనుక "నాకు బాగానే ఉంది" అన్నది హామీ కాజాలదు. దీనికి తోడు వైరస్ అందరి నుంచీ సమానంగా వ్యాపించదు. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రాష్ట్రాల్లో 2020లో దాదాపు 85 వేల మంది రోగులతో సంబంధంలోకి వచ్చిన 5,75,071 మందిని పరిశీలించిన అధ్యయనంలో, సుమారు 70 శాతం రోగుల నుంచి వారి పరిచయస్థుల్లో ఎవరికీ సోకినట్టు కనబడలేదు. పొయ్యిలోంచి ఎగిరే నిప్పురవ్వల్లో ఎక్కువ భాగం గాలిలోనే ఆరిపోయినా, గడ్డివాము మీద పడ్డ ఒక్కటి చాలు. జ్వరంతోనే పెండ్లికి వెళ్లొచ్చి "నావల్ల ఎవరికీ ఏమీ కాలేదు" అనే మనిషి అబద్ధం చెప్పడం లేదు, పదిలో ఏడు సార్లు అది నిజమే కావచ్చు. కానీ తాను ఆ ఏడుగురిలో ఉన్నాడో మిగతా ముగ్గురిలో ఉన్నాడో దావతుకు బయలుదేరేటప్పుడు తెలుసుకునే దారి లేదు. ఆ రవ్వ ఎక్కడ రాజుకుంటుందో మాత్రం కొంత చెప్పవచ్చు: కిటికీలు మూసిన హాలు, గట్టిగా మాటలు, గంటల తరబడి కూర్చోవడం. అదే విందు చేను గట్టు మీద పెట్టుకుంటే ముప్పు ఎన్నో రెట్లు తగ్గుతుంది.

బాధ్యత గురించి మాట్లాడేవాళ్లు దాని ఖర్చు గురించి తక్కువ మాట్లాడతారు. 2021 మే నెలలో నల్లగొండ జిల్లా అడవిదేవులపల్లి మండలంలోని ఒక పల్లెలో, కరోనా సోకిన 18 ఏళ్ల విద్యార్థి ఇంటి ఆవరణలోని చెట్టుకొమ్మల మధ్య వెదురు కర్రలతో మంచె కట్టుకుని 11 రోజులు అక్కడే గడిపాడు. విడిగా ఉండటానికి ఇంట్లో మరో అర్ర లేదు. వార్తాపత్రికలు దాన్ని వింతగా, కొన్ని ఆదర్శంగా రాశాయి. నా మటుకు నాకు అది ఆ కుర్రవాడి బాధ్యత ఎంత గొప్పదో, అతని పట్ల మిగతావారి బాధ్యత ఎంత కొరవడిందో ఒకేసారి చూపిన దృశ్యం. అంతకుముందు ఏడాది ముంబై, పుణెల నుంచి తిరిగొచ్చిన పాలమూరు కూలీలను పద్నాలుగు రోజులు గడప దాటవద్దన్నప్పుడూ ఇదే ప్రశ్న. లాక్‌డౌన్‌లో రాష్ట్ర ప్రభుత్వం తెల్లకార్డు కుటుంబానికి 1,500 రూపాయలు, మనిషికి 12 కిలోల బియ్యం ఇచ్చింది. అది చాలిందా అన్నది వేరే చర్చ, కానీ రోజుకూలి మానుకుని ఇంట్లో కూర్చోమన్నప్పుడు ఆ కూలిలో కొంతైనా భరించవలసింది ఎవరి కోసం కూర్చున్నారో వారేనన్న సూత్రాన్ని అది ఒప్పుకుంది.

ఆ సూత్రం ఇప్పుడు నిత్యం అక్కరకొస్తున్నది క్షయ విషయంలో. మామూలు క్షయకు ఆరు నెలలు మందు వాడాలి. రెండో నెలకే దగ్గు తగ్గి, బరువు పెరిగి, జబ్బు పోయినట్టే ఉంటుంది. అక్కడ ఆపేస్తే మిగిలిన బ్యాక్టీరియా మళ్లీ విజృంభిస్తుంది, మందుకు లొంగని రకంగా మారే ప్రమాదమూ ఉంటుంది. అప్పుడు ఆ రోగి నుంచి సోకేవారికి కూడా ఆ మొండి రకమే సోకుతుంది. అందుకే 2018 నుంచి చికిత్స కాలంలో పోషణ కోసం నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలు రోగి ఖాతాలో వేస్తున్నారు. మామ క్షయకు మందు వాడుతున్న ఇంట్లో జబ్బు లేని కోడలిని కూడా ముందుజాగ్రత్తగా వారానికోసారి చొప్పున పన్నెండు వారాలో, రోజూ చొప్పున ఆరు నెలలో మాత్రలు వేసుకోమంటారు. క్షయ బ్యాక్టీరియా ఒంట్లో చేరినా నూటికి తొంభై మందికి పైగా జీవితమంతా జబ్బు రాకుండానే గడిచిపోతుంది, పైగా ఈ మాత్రలు అరుదుగానైనా కాలేయాన్ని ఇబ్బంది పెట్టవచ్చు. కాబట్టి ఊళ్లో తిరిగే ప్రభుత్వ నర్సు, అంటే ఏఎన్ఎం, ఈ లెక్కలన్నీ చెప్పాక ఆమె వద్దంటే ఆ మాటను మన్నించవచ్చు. మామ మందు మానేస్తానంటే మాత్రం ఏఎన్ఎం ఆ గుమ్మం మళ్లీ మళ్లీ తొక్కుతుంది, తొక్కాలి కూడా.