యూపీఎస్ ఉంది కాబట్టి సర్వర్ భద్రమేనా? అపోహలు - వాస్తవాలు

కరెంటు పోతే లైనక్స్ సర్వర్ తనంతట తాను పద్ధతిగా ఆగాలి, వచ్చాక ఎవరూ ముట్టుకోకుండా లేవాలి. యూపీఎస్ పెట్టేది ఈ రెండింటికీ. మొదటిదాని మీదే అందరి దృష్టీ ఉంటుంది, రెండోది చెడిపోతుంది.

అపోహ: యూఎస్‌బీ కేబుల్ గుచ్చి, నట్ (నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్, యూపీఎస్‌ని గమనిస్తూ సర్వర్‌ని ఆపే సాఫ్ట్‌వేర్) ప్యాకేజీ వేస్తే చాలు.

వాస్తవం: నట్‌లో మూడు పొరలున్నాయి: యూపీఎస్‌తో మాట్లాడే డ్రైవర్, ఆ సమాచారాన్ని 3493 పోర్టులో అందించే యూపీఎస్‌డీ, దాన్ని చూస్తూ షట్‌డౌన్ నిర్ణయం తీసుకునే యూపీఎస్‌మాన్. డెబియన్ అనే లైనక్స్ రకంలో నట్.కాన్ఫ్ అనే సెట్టింగుల ఫైల్లో మోడ్ మొదట 'నన్' అని ఉంటుంది. ఒక్క సర్వరే అయితే దాన్ని 'స్టాండలోన్'గా మార్చాలి, అప్పటిదాకా ఏదీ మొదలుకాదు. యూపీఎస్.కాన్ఫ్‌లో డ్రైవర్ 'యూఎస్‌బీహిడ్-యూపీఎస్', పోర్టు 'ఆటో' అని రాస్తే చాలా యూఎస్‌బీ మోడళ్లకు సరిపోతుంది. డ్రైవర్ పర్మిషన్ లేదంటే కేబుల్ తీసి మళ్లీ పెట్టండి. ప్యాకేజీతో వచ్చిన యూడెవ్ రూల్ (పరికరానికి అనుమతులిచ్చే నియమం) పరికరం కొత్తగా కనిపించినప్పుడే పనిచేస్తుంది. తర్వాత యూపీఎస్-సీ కమాండ్‌తో స్టేటస్ చూడండి. కరెంటు ఉంటే 'ఓఎల్' (ఆన్‌లైన్) అంటుంది. గోడ దగ్గర స్విచ్ ఆపితే కొన్ని సెకన్లలో 'ఓబీ' (బ్యాటరీ మీద నడుస్తోంది) కావాలి. కాకపోతే అక్కడే ఆగి, ముందు దాని సంగతి చూడండి.

అపోహ: బ్యాటరీ తగ్గితే యూపీఎస్ ముందే చెబుతుంది.

వాస్తవం: యూపీఎస్‌మాన్ మామూలుగా 'ఓబీ', 'ఎల్‌బీ' (బ్యాటరీ అడుగంటింది) రెండూ కలిసి కనిపిస్తేనే కదులుతుంది. పాతబడిన లెడ్ యాసిడ్ బ్యాటరీ 40 శాతం చూపిస్తూనే లోడ్ కింద ఒక్కసారిగా కూలిపోవచ్చు. అప్పుడు ఎల్‌బీ కబురు రాకముందే సర్వర్ చీకట్లో పడుతుంది. అందుకే యూపీఎస్.కాన్ఫ్‌లో 'ఇగ్నోర్ఎల్‌బీ' (యూపీఎస్ సొంత ఎల్‌బీని పట్టించుకోవద్దని) పెట్టి, ఎంత చార్జికి ఎల్‌బీ అనుకోవాలో చెప్పే 'ఓవర్‌రైడ్.బ్యాటరీ.చార్జ్.లో' విలువ 50 శాతం దాకా పెంచుకోవడం మంచిది. ఒక సర్వీసు ఆగకుండా మొండికేస్తే, సర్వీసుల్ని నడిపి ఆపే సిస్టమ్‌డీ దానికోసం మామూలుగా 90 సెకన్లు ఎదురుచూస్తుందని కూడా లెక్కలో ఉంచుకోండి.

అపోహ: సర్వర్ ఆగిందంటే పని అయిపోయింది.

వాస్తవం: ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. సర్వర్ ఆగింది, యూపీఎస్ మాత్రం ఇంకా కరెంటు ఇస్తూనే ఉంది. రెండు నిమిషాల్లో మెయిన్స్ తిరిగొచ్చింది. సర్వర్ లెక్కలో కరెంటు అసలు పోనేలేదు, కాబట్టి బయోస్ (మదర్‌బోర్డులోని ప్రాథమిక ప్రోగ్రామ్) దాన్ని లేపదు. అన్నిచోట్లా దీపాలు వెలుగుతుంటే సర్వర్ ఒక్కటే పడుకుని ఉంటుంది.

దీనికి మందు యూపీఎస్ అవుట్‌పుట్‌నే కోసేయడం. యూపీఎస్‌మాన్.కాన్ఫ్‌లో 'పవర్‌డౌన్‌ఫ్లాగ్' ఫైలు పేరు ఉండాలి. షట్‌డౌన్ చిట్టచివర, డిస్కులు సర్దుకున్నాక, ఆ ఫైలు కనిపిస్తే నట్ స్క్రిప్టు యూపీఎస్‌కి ఆపమని చెబుతుంది. డిఫాల్ట్‌గా 'ఆఫ్‌డిలే' (అవుట్‌పుట్ కోసేముందు ఆగే సమయం) 20 సెకన్లు, 'ఆన్‌డిలే' (తిరిగి ఇచ్చేముందు ఆగే సమయం) 30. రెండోది ఎప్పుడూ మొదటిదానికంటే పెద్దదే కావాలి. బయోస్‌లో కరెంటు వచ్చాక ఏం చేయాలన్నచోట 'పవర్ ఆన్' ఎంచుకోండి. 'లాస్ట్ స్టేట్' వద్దు: పద్ధతిగా ఆగిన సర్వర్ చివరి స్థితి 'ఆఫ్' కదా!

అపోహ: ఒకే యూపీఎస్ మీదున్న మిగతా సర్వర్లకి (సెకండరీలకి) ప్రైమరీ, అంటే యూపీఎస్ కేబుల్ తగిలించిన సర్వర్, చెప్పేస్తుంది.

వాస్తవం: చెబుతుంది, మధ్యలోని నెట్‌వర్క్ స్విచ్ కూడా యూపీఎస్ మీద ఉంటే. ఇంకో చిక్కు: సెకండరీలు షట్‌డౌన్ కమాండ్ ఇచ్చిన వెంటనే కనెక్షన్ వదిలేస్తాయి, పూర్తిగా ఆగాక కాదు. వాళ్లు వదిలేసేదాకా 'హోస్ట్‌సింక్' ప్రకారం మహా అయితే 15 సెకన్లు చూసి ప్రైమరీ తన దారిన తాను ఆగి, పవర్ కోయించేస్తుంది. సెకండరీలో డేటాబేస్ ఇంకా రాస్తూ ఉండొచ్చు. నెమ్మదైన సెకండరీ ఆగడానికి ఎంత పడుతుందో గడియారం పెట్టి కొలిచి, అంతకు కాస్త ఎక్కువగా ప్రైమరీలో 'ఫైనల్‌డిలే' (తాను ఆగేముందు వేచి ఉండే సమయం) పెట్టండి.

అపోహ: 100 శాతం చూపిస్తే బ్యాటరీ బాగున్నట్టే.

వాస్తవం: అది నిండిన కుండ గుర్తు, కుండ ఎంత చిన్నదైపోయిందో చెప్పదు. లెడ్ యాసిడ్‌కి 3 నుంచి 5 ఏళ్లే ఆయుష్షు, వేడిలో ఇంకా తక్కువ.

అపోహ: టెస్టు చేయడం ప్రమాదం.

వాస్తవం: చేయకపోవడమే ప్రమాదం. పని లేని సమయంలో, సర్వర్ పక్కనే ఉండి, 'యూపీఎస్‌మాన్ -సీ ఎఫ్ఎస్‌డీ' (బలవంతపు షట్‌డౌన్) కమాండ్ ఇవ్వండి. ఇది ఉత్తుత్తి పరీక్ష కాదు, సర్వర్ నిజంగానే ఆగుతుంది. మొదటిసారి గోడ ప్లగ్ తీసి ఉంచి, యూపీఎస్ అవుట్‌పుట్ పోయిందో లేదో చూడండి. రెండోసారి షట్‌డౌన్ మధ్యలోనే ప్లగ్ తిరిగి పెట్టేయండి. అప్పుడు కూడా అవుట్‌పుట్ ఒకసారి పోయి వచ్చి, సర్వర్ లేచి లాగిన్ ప్రాంప్ట్ చూపించాలి.