పెలోటన్ ఉద్యోగాల కోతకు మూలం ఎక్కడుంది?

వ్యాయామ సైకిళ్లు, ట్రెడ్‌మిల్లులు అమ్మి, వాటి తెరలపై చందాదారులకు శిక్షణ తరగతులు ప్రసారం చేసే అమెరికన్ సంస్థ పెలోటన్, 2025 ఆగస్టులో త్రైమాసిక లాభం ప్రకటించిన రోజే సిబ్బందిలో 6 శాతం మందిని తగ్గిస్తామని చెప్పడంతో ఉద్యోగాల కోతలపై పాత వివాదం మళ్లీ రాజుకుంది. ఏటా 10 కోట్ల డాలర్లు ఆదా చేసే ప్రణాళికలో ఇది భాగమని యాజమాన్యం చెప్పింది. లాభం వచ్చాక కూడా కోత దేనికన్న ప్రశ్నకు జవాబు మాత్రం అప్పటికి నాలుగేళ్ల వెనుక ఉంది.

కోవిడ్ కాలంలో గిరాకీ పెరగడం, జిమ్‌లు తెరిచాక పడిపోవడం అందరికీ తెలిసిందే. కానీ అసలు మలుపు, ఆ గిరాకీ ఎప్పటికీ నిలుస్తుందనుకొని తయారీ నుంచి డెలివరీ దాకా అన్నిటినీ సొంతంగా విస్తరించాలన్న నిర్ణయంలో ఉంది. తైవాన్‌లోని టోనిక్ కర్మాగారం 2019లోనే చేతికి వచ్చింది. దానికి తోడు 42 కోట్ల డాలర్లకు వ్యాయామ పరికరాలు తయారు చేసే ప్రికోర్‌ను కొన్నారు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో 40 కోట్ల డాలర్లతో, 2,000కు పైగా ఉద్యోగాలతో మరో కర్మాగారం కడతామని 2021 మేలో ప్రకటించారు. ఆ జూన్ నాటికి సిబ్బంది 8,600 దాటారు.

ఒహాయో కర్మాగారం తెరుచుకోనే లేదు. 2022 ఫిబ్రవరిలో దాన్ని రద్దు చేసి, సుమారు 2,800 మందిని తొలగించారు. ఇంత విస్తరణకు పూనుకున్న వ్యవస్థాపకుడు జాన్ ఫోలీ సీఈఓ పదవి వదిలినా కార్యనిర్వాహక ఛైర్మన్‌గా సెప్టెంబరు దాకా కొనసాగారు. ఉద్యోగం పోయినవారికి ఇచ్చిన పరిహారంలో మాత్రం ఏడాది పెలోటన్ చందా ఒకటి, అది తీవ్ర విమర్శలకు గురైంది. కొత్త సీఈఓ బారీ మెకార్తీ జూలైలో సొంత తయారీని ఆపి, ఆ పనిని తైవాన్‌కే చెందిన రెక్సాన్ అనే తయారీ సంస్థకు అప్పగించారు. ఆగస్టులో డెలివరీని బయటి సంస్థలకు ఇచ్చి, గోదాములు మూసి, కస్టమర్ సేవలను కుదించారు. సుమారు 780 మంది వెళ్లిపోయారు. అక్టోబరులో మరో 500 మందిని తొలగించాక మిగిలింది దాదాపు 3,800. సంస్థ బతకాలంటే ఇది తప్పదన్నది యాజమాన్యం వాదన. 2024 మేలో ఇంకో 400 మందిని తగ్గించి, మెకార్తీ కూడా తప్పుకున్నారు.

ఈ క్రమంలో సంఖ్యతో పాటు సిబ్బంది కూర్పు కూడా మారిపోయింది. 2022లో దెబ్బ తిన్నది ప్రధానంగా కార్యాలయ ఉద్యోగులు, కర్మాగార కార్మికులు, పెట్టెలు మోసినవారు, ఫిర్యాదులు విన్నవారు. శిక్షకుల జోలికి అప్పట్లో వెళ్లలేదు. తయారీ, డెలివరీ చేతులు మారిపోయాయి కనుక ఇకపై ఏ కోత పడినా అది సాఫ్ట్‌వేర్‌కూ తరగతులకూ, అంటే పరికరాల అమ్మకాల కంటే ఎక్కువ ఆదాయం తెస్తున్న చందాలను నిలబెట్టే పనికి, మరింత దగ్గరగా వస్తుంది.